టైల్సు వేయకమునుపే చూడవలసిన పని
స్నానపు గది గోడలకు నీటి రక్షణ

ఒకప్పుడు మన పల్లెలలో స్నానము పెరటిలోనే జరిగెడిది. తడికచాటుననో, నూతిగట్టుననో పోసికొన్న నీరు అరటిపాదులకు చేరెడిది. ఇంటిగోడకు ఆ నీటితో సంబంధమే లేకుండెను. 2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ కార్యక్రమము ఆరంభమైనది. 2019 ఆగస్టు 15న జల జీవన్ కార్యక్రమము ప్రకటింపబడినది. ఇట్టి కార్యక్రమముల వలన అనేక గృహములలో మరుగుదొడ్డి, కుళాయి అమరినవి. స్నానపు గది పడకగది ప్రక్కకు వచ్చినది. పాఠశాలలకును, అంగన్‌వాడీ కేంద్రములకును ఇట్టి గదులు కట్టబడుచున్నవి. ఇది సంతోషింపదగిన మార్పు. అయితే నీటితోపాటు చెమ్మయు ఇంటిలో ప్రవేశించుచున్నది.

క్రొత్తగా కట్టిన గదికి కూడ, కొలది కాలములోనే, అవతలిప్రక్క గోడరంగు ఉబ్బి పెచ్చులూడుట, గోడ అడుగున తెల్లని ఉప్పు తేలుట పెక్కుచోట్ల కానవచ్చును. ఆ గోడకు ఆనించిన ధాన్యపు బస్తాలకు బూజు పట్టును. కాంక్రీటులోని ఇనుప కమ్మీలు త్రుప్పుపట్టి ఉబ్బి, కాంక్రీటును పగులగొట్టును. గోడలోని విద్యుత్తు తీగలకు తడి తగిలినచో ప్రాణాపాయము కూడ కలుగవచ్చును.

టైల్సు నీటిని ఆపవా?

టైల్సు వేసితిమి గదా, ఇక నీరెట్లు దిగునని పలువురు అడుగుదురు. టైలు పైమెరుగు నీటిని ఆపును. కాని సందులు ఆపవు. సందులలో నింపు సిమెంటునందు కంటికి కానరాని రంధ్రములుండును. దీపపు వత్తి నూనెను లాగినట్లు అవి నీటిని లోనికి లాగుకొనును. సాధారణమైన గోడ టైలు వెనుకభాగము తన బరువులో నూటికి 10 వంతులకు మించిన నీటిని పీల్చుకొనగలదు. దాని వెనుక ప్లాస్టరు, ఆ వెనుక ఇటుక. రెండును నీటిని పీల్చునవే.

మన పెద్దలు గానుగ సున్నములో కరక్కాయ, బెల్లము నానవేసిన నీరు కలిపి మిద్దెలకు గచ్చు చేసెడివారు. నీటిని ఆపవలసినది పైమెరుగు కాదు, లోపలి గచ్చే యని వారెరిగియుండిరి. నేడును సూత్రమదియే. టైలు అలంకారము, దాని వెనుకనున్న పూతయే రక్షణ.

పని జరుగవలసిన క్రమము

మొదటిది: గోడలోని నీటి గొట్టములను పూడ్చకమునుపే వాటిని నీటితో నింపి, కొనలు బిగించి, ఒకదినము చూడవలెను. గొట్టమే కారుచున్నచో ఏ పూతయు అక్కరకు రాదు.

రెండవది: గోడకు సిమెంటు ఒకవంతు, ఇసుక నాలుగువంతుల పాళ్లతో ప్లాస్టరు చేయవలెను. నీటినాపు మందును సిమెంటు బస్తాకు ఎంత కలుపవలెనో డబ్బాపై వ్రాసియుండును, అంతయే కలుపవలెను. ఈ మందునకు భారత ప్రమాణము ఐ.ఎస్. 2645. నేల నీరుపోవు జాలీవైపునకు ప్రతి 5 అడుగులకు 1 అంగుళము చొప్పున వాలుండవలెను. ప్లాస్టరును కనీసము 7 దినములు తడుపవలెను. తడుపని ప్లాస్టరు నెఱ్ఱెలు విచ్చును.

మూడవది: నీరు తరచుగా దిగునది మూలలయందును, గొట్టముల చుట్టును. నేలయు గోడయు కలియుచోట సిమెంటుతో గుండ్రముగా మూల తీర్చి, దానిపై పూతతోపాటు నైలాను లేక గాజునార వలపట్టీని అతికింపవలెను. కుళాయి గొట్టముల చుట్టును, జాలీ చుట్టును ఇట్లే చేయవలెను.

నాలుగవది: సిమెంటు పొడి యొకటి, పాలవంటి ద్రవమొకటి కలిపి పూయు వాటర్‌ప్రూఫ్ పూత బజారులో దొరకును. గోడను దుమ్ములేకుండ కడిగి, చెమ్మ మాత్రము మిగులునట్లు ఆరనిచ్చి, కుంచెతో మొదటిపూత నిలువుగా పూయవలెను. అది ఆరిన పిదప రెండవపూత అడ్డముగా పూయవలెను. మొదటి కుంచె విడిచిన సూదిబెజ్జములను రెండవది మూయును. నేల అంతటను, స్నానము చేయుచోట గోడకు 6 అడుగులకు తక్కువ కాకుండను, మిగిలిన గోడలకు కనీసము 1 అడుగు ఎత్తునను పూయవలెను. ఈ పని గృహస్థుడో, గృహిణియో స్వయముగా చేసికొనవచ్చును. సిమెంటు చర్మమును కాల్చును గనుక చేతులకు రబ్బరు తొడుగులు ధరింపవలెను.

ఐదవది: పూత ఆరిన పిదప జాలీని గట్టిగా మూసి, నేలపై 2 అంగుళముల నీరు నిలిపి, మట్టమునకు గీత గీసి, 48 గంటలు వేచియుండవలెను. గోడలపై నీరు చిమ్మి అవతలిప్రక్క పరిశీలింపవలెను. ఎండకు, గాలికి మట్టము కొంచెము తగ్గుట సహజము. అవతల చెమ్మ కనబడినను, మట్టము బాగుగ తగ్గినను ఆ చోట మరల పూసి, మరల పరీక్షింపవలెను.

ఆ పిమ్మటనే టైల్సు. నున్నని పూతపై వట్టి సిమెంటు పాలు పట్టవు గనుక ఐ.ఎస్. 15477 ప్రమాణముగల టైలు జిగురు వాడవలెను. పూత పూసిన గోడకు మేకు కొట్టుటగాని, ఉలి వేయుటగాని కూడదు.

సరకు లెక్క

5 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పుగల గదిని తీసికొందము. నాలుగు గోడల చుట్టుకొలత 18 అడుగులు. తలుపు వెడల్పు రెండున్నర అడుగులు తీసివేయగా మిగులునది పదునైదున్నర. గోడలన్నిటికి 6 అడుగుల ఎత్తున పూసినచో 93 చదరపుటడుగులు, నేల 20, వెరసి 113. ఒక డబ్బా ఎన్ని చదరపుటడుగులకు రెండుపూతలు వచ్చునో దానిపైననే వ్రాసియుండును. ఈ లెక్క తెలిసినవానికి సరకు చాలకపోవుటయు, మిగిలి పాడగుటయు ఉండదు. సరకు చాలనప్పుడే పూత పలుచనగును.

సభ్యులు చేయవలసినది

ఈ పనియందలి చిక్కు ఒకటి కలదు. టైల్సు పడిన పిదప పూత కంటికి కనబడదు. రెండుపూతలు పూసిరా, ఒక్కటియే పూసిరా, అసలు పూయనే లేదా యని తెలిసికొనుటకు టైల్సు పగులగొట్టుట తప్ప సులభమైన మార్గము లేదు. అందువలన పంచాయతీ సొమ్ముతో పాఠశాలకో, అంగన్‌వాడీకో స్నానపు గది కట్టించునప్పుడు సభ్యులు మూడు విషయములను పట్టుపట్టి సాధింపవలెనని మేము కోరుచున్నాము. అంచనాలో వాటర్‌ప్రూఫ్ పూతను ప్రత్యేకముగా వ్రాయించుట. 48 గంటల నీటిపరీక్షను ఇద్దరు సభ్యులైనను, ఇంజనీరును స్వయముగా చూచుట. ఆ పరీక్ష నెగ్గిన పిదపనే టైల్సు పనికి అనుమతించుట.

దీనివలన పని కొన్నిదినములు ఆలస్యమగును. మేస్త్రీ తొందరపెట్టవచ్చును. ప్రారంభోత్సవపు తేది దగ్గరపడవచ్చును. అయినను ఆ కొన్నిదినములు ఓర్చుకొన్న పంచాయతీకి, గోడ పగులగొట్టి అదే పనికి రెండవసారి సొమ్ము వెచ్చింపవలసిన అవసరము కలుగదు. ఆ గోడకు ఆనుకొని కూర్చుండి చదువుకొను పిల్లల వీపునకు చెమ్మ తగులదు.