ఒకే చెట్టు, పలు నేలలు

కర్నూలు సీమకు పేరు తెచ్చిన ఫలం బనగానపల్లె మామిడి. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించింది. 2022 నుండి బనగానపల్లె నంద్యాల జిల్లాలో ఉన్నది. ఉర్దూలో ఈ పండును మనం బేనిషాన్ అంటాం; మచ్చలేనిదని అర్థం. ఆ గుణం తరతరాలుగా ఎట్లు నిలిచింది?

బేనిషాన్ టెంకను నాటితే తల్లిగుణమే వస్తుందన్న నమ్మకం లేదు. పరపరాగ సంపర్కం వలన ప్రతి టెంకలోనూ కొత్త జన్యు కలయిక ఏర్పడుతుంది. అందుచేతనే మనవారు మేలైన చెట్టు కొమ్మను వేరొక మామిడి మొక్కకు అంటుకడతారు. కడప ఎర్రనేలలోనైనా, నూజివీడులోనైనా పెరిగే బేనిషాన్ కొమ్మలు జన్యురీత్యా ఒకే వృక్షపు కొనసాగింపు. శాస్త్రజ్ఞులు దీనినే క్లోన్ అంటారు.

అయినప్పటికీ పెరుగుదల, కాపు అన్నిచోట్లా ఒకటిగా ఉండవు. నేల, నీరు, ఎండ వేరు. పైగా క్రిందనున్న వేరుమొక్క టెంకనుండి పుట్టినది కనుక ప్రతి చెట్టుకూ భిన్నం. అరుదుగా ఒక మొగ్గలో ఉత్పరివర్తనం కలిగి గుణమే మారవచ్చు.

భద్రాచలం కాగితపు పరిశ్రమవారు 1989లో నీలగిరి క్లోన్ల పని ప్రారంభించారు. ఒక నేలలో మొదటిదైన క్లోన్ మరొక నేలలో వెనుకబడవచ్చును గనుక పలుచోట్ల పరీక్ష అవసరం. తరువాత గాల్ కందిరీగ వచ్చినప్పుడు తట్టుకోలేని క్లోన్ల తోటలు మూకుమ్మడిగా దెబ్బతిన్నాయి. ఒకే జన్యువు బలమూ, బలహీనతా కూడా.

మామిడి కాపుకు మన రైతు ఏండ్ల తరబడి వేచియుంటాడు. తల్లిచెట్టు తెలియని అంటు కొంటే ఆ ఏండ్లు తిరిగి రావు. కావున తల్లిచెట్టును విచారించి కొనుట, తోటలో రెండు మూడు రకాలు కలిపి నాటుట మనకు క్షేమం.