శ్రీశైలము బాటలో కృష్ణపై వంతెన



హైదరాబాదు నగరమునకు దక్షిణమున, శంషాబాదు విమానాశ్రయమునకు చేరువలో, ఒక గుట్టపై పహాడీ షరీఫ్ దర్గా కలదు. 13వ శతాబ్దమునకు చెందిన సూఫీ మహాత్ముడు బాబా షర్ఫుద్దీను సమాధి అచ్చటనున్నది. ఆ గుట్ట ప్రక్కగా పోవు బాటయే శ్రీశైలము బాట. దర్గాకు వచ్చి మ్రొక్కుకొనువారును, మల్లికార్జునుని సేవింప వెడలువారును ఒకే బాట నడుతురు. ఈ బాట వెంట సుమారు 200 కిలోమీటర్లు పోయినచో కొండల నడుమ కృష్ణానదిపై వంతెన వచ్చును. యాత్రికులలో పెక్కురు దానిని బండిలో కూర్చుండియే దాటిపోవుదురు. అచ్చట ఒక గడియ నిలిచి చూడవలసినదేమో మనవి చేయుటయే నేటి ప్రసంగము.

తుక్కుగూడ, కడ్తాల, ఆమనగల్లు, కల్వకుర్తి, డిండి వరకు మనకు తెలిసిన మెట్ట సీమయే. అచ్చెరువందవలసినదేమియు లేదు. పిమ్మట నల్లమల గోడవలె ఎదురగును. శ్రీశైలమునకు ఉత్తరద్వారమని పెద్దలు చెప్పు ఉమామహేశ్వరము ఈ దరినే ఉన్నది. మన్ననూరు వద్ద అడవి తనిఖీ ఠాణా దాటినంతనే అమ్రాబాదు పులుల అభయారణ్యము. రాత్రి 9 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు ఆ దారిని మూసివేయుదురు. మృగములు నిర్భయముగా తిరుగవలెనని చేసిన కట్టడి యిది. కనుక వేకువనే బయలుదేరుట మేలు.

అడవిలో ఊళ్ల పేర్లు గమనింపుడు: దోమలపెంట, ఈగలపెంట. నది దాటిన పిమ్మట సున్నిపెంట. పెంట యనగా చెంచుల నివాసము. ఏటికి ఈ దరిని, ఆ దరిని కూడ వారే ఉండిరి. ఈ మాటను మనసునందుంచుకొనుడు, మరల చెప్పెదను.

ఈగలపెంట దాటినది మొదలు బాట మెలికలు తిరుగుచు దిగిపోవును. మహాబలేశ్వరము కడ పుట్టిన కృష్ణ, మైదానములలో వెడల్పుగా పారి, నల్లమలలో ప్రవేశించి గట్టి రాతిని యుగయుగములుగా కోసికొని పోయినది. అందుచే ఇరుకుగను, మిక్కిలి లోతుగను లోయ యేర్పడినది. శ్రీశైల శిఖరమున నిలిచినవారికి ఏరు పాతాళమున ఉన్నట్లు తోచును. పాతాళగంగ యన్న పేరులోని ఔచిత్యము కన్నులార చూచినగాని తెలియదు. ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దమున శ్రీశైలమునకు మెట్లు కట్టించెనని ప్రసిద్ధి. ఆ కాలమున ఈ కొండలలో మెట్లు కట్టించుట ఎంతటి పుణ్యకార్యమో ఈ లోయను చూచినచో బోధపడును.

వంతెనపై నిలిచి మొదట ఇరుగట్లను చూడుడు. ఒకనాడు ఉత్తరపు గట్టు నిజాము రాజ్యము, దక్షిణపు గట్టు మద్రాసు రాజధానిలోని కర్నూలు జిల్లా. 1956 నవంబరు 1వ తేదీన రెండును ఒకే రాష్ట్రమున చేరెను. 2014 జూన్ 2వ తేదీన మరల వేరాయెను. నేడు ఈ కొస తెలంగాణములోని నాగరుకర్నూలు జిల్లా, ఆ కొస ఆంధ్రప్రదేశములోని నంద్యాల జిల్లా. ఏలికలు మారినను ఇరుదరుల పెంటలు చాలకాలము చెంచు పేర్లనే మోసినవి. యాత్రికుని బాటయు తెగలేదు.

పిమ్మట ఎగువకు చూడుడు. 1963లో ప్రధాని జవహర్లాలు నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీశైలము ఆనకట్ట కనబడును. దాని పొడవు 512 మీటర్లు, పునాది నుండి ఎత్తు 145 మీటర్లు, గేట్లు 12. వార్తలలో శ్రీశైలము నీటిమట్టము 885 అడుగులని వినుచుందుము. అది ఆనకట్ట ఎత్తు కాదు, సముద్రమట్టమునకు పైనున్న ఎత్తు. దిగువనున్న నాగార్జునసాగరపు నిండుమట్టము 590 అడుగులు. సాగరము నిండినప్పుడు దాని వెనుకజలము ఇచ్చటి దాక నిలుచును. ఈ రెండు మట్టముల నడుమనున్న సుమారు మూడువందల అడుగుల పాటే విద్యుత్తు పుట్టించు బలము. కుడిగట్టున 770 మెగావాట్లు, ఎడమగట్టున భూగర్భములో 900 మెగావాట్ల యంత్రములు కలవు. ఎడమగట్టు యంత్రములు నీటిని తిరిగి పైకి తోడుటకును పనికివచ్చును.

ఆనకట్ట వెనుక ఏమున్నదో వంతెనపై నుండి కనబడదు. అయినను దానినే ముఖ్యముగా తలపవలెను. నూరుకు పైగా గ్రామములు ఆ నీట మునిగినవి. 1981లో సుమారు లక్షమంది ఇల్లు వాకిళ్లు, బావులు, తాతముత్తాతల నాటి పొలములు విడిచి వెడలవలసివచ్చెను. కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయిగా విప్పి ఆలంపురమున మరల నిలిపిరి. సప్తనదీ సంగమేశ్వరము మాత్రము అచ్చటనే యుండి, నీరు తగ్గిన వేసవి నెలలలో బయటపడి, వానకాలమున మరల మునుగుచుండును. గుడిని విప్పి మరల కట్టవచ్చును. ఊరిని అట్లు కట్టుట సాధ్యము కాదు. ఊరనగా ఇండ్లు మాత్రమే కాదని మీకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంత త్యాగముచే నిలిచిన జలాశయము సైతము తరుగుచున్నది. మొదట 308 టి.ఎం.సి.లు పట్టుచుండగా, ఒండ్రు పేరుకొని ఇప్పుడు సుమారు 215 టి.ఎం.సి.లు మాత్రమే పట్టుచున్నది. ఊరి చెరువునకు పూడిక యెట్టిదో దీనికిని అట్టిదే. చెరువు పూడిక తీయవచ్చును గాని ఇంతటి జలాశయపు పూడిక తీయుట సులభము కాదు. ఎగువ పొలముల మట్టి కొట్టుకొనిపోకుండ గట్లు వేసికొనుట, చెట్లు నిలుపుకొనుట మాత్రమే మన చేతిలోని పని.

కడపట దిగువకు చూడుడు. కొండల నడుమ ఏరు మలుపు తిరిగి కనుమరుగగును. గేట్లు ఎత్తిన దినములలో నురుగును, తుంపరలును లోయనెల్ల కప్పును. అట్టి వేళ జనసమ్మర్దము మెండు. బండిని వంతెన నడుమ నిలుపరాదు, పిల్లలను నీటి యంచునకు దింపరాదు. యంత్రములు తిరిగినప్పుడు నీరు చప్పున పెరుగును.

మీ ఊరినుండి యాత్రకు పోవువారిని నడిపించువారు మీరే. వంతెన చేరినప్పుడు బండిని ఎడముగా నిలిపి, పిల్లలకు ఈ నాలుగు వైపులు చూపుడు. మన యింట వెలుగు దీపమునకును, పొలమున పారు నీటికిని ఎవరి ఊళ్లు మునిగినవో వారికి చెప్పుడు. ఆ పిమ్మట కొండయెక్కి స్వామిని దర్శించినచో యాత్ర పరిపూర్ణమగును.