సంఘనాయకురాలి మాట

1992వ సంవత్సరమున నెల్లూరు జిల్లా గ్రామములలో సారాయి దుకాణములను మూయింప నిలిచిన స్త్రీలలో ననేకులు పిమ్మట పొదుపుసంఘములుగ నేర్పడిరి. నేడు తెలుగునాట నట్టి సంఘము లేని యూరరుదు. సాధారణముగ పదిమంది మొదలు పదునైదుగురు వఱకు సభ్యురాండ్రుందురు. వీరి చిన్న ఋణములకు బ్యాంకువారు పొలమును, నగలను తాకట్టడుగరు. ఒకరిపై నొకరికిగల నమ్మకమే తాకట్టు. ఒకరు బాకీపడినను సంఘమంతటికిని క్రొత్త ఋణము దొరకుట కష్టమగును. కావున నాయకురాలు నోరు జాఱినచో నష్ట మందఱిదియును.

ఒక సోదరి యీ నెల వాయిదా చెల్లింపలేదనుకొందము. నలుగురిలో నిందించినచో నామె మఱల సమావేశమునకు రాదు. తక్కినవారును తమ కష్టములను దాచుకొందురు. ముందుగ నేకాంతమున కారణ మడిగి, పిదప నామె సమ్మతితో నందఱును గలసి యుపాయ మాలోచించుట మేలని మా యభిప్రాయము.

లెక్కల పుస్తకమును ప్రతి సమావేశమునందును బిగ్గరగ జదువవలెను. చదువురాని సోదరికిని తన పైకమెంతయో తెలియవలదా? నాయకురాలు తన యభిప్రాయమును చివరనే చెప్పవలెను. ఆమె ముందే తీర్పు చెప్పినచో తక్కినవారు తలయూపి యూరకుందురు. ఆ మౌనమును సమ్మతియని భ్రమింపరాదు.

సోదరీమణులారా! రాబోవు సమావేశమున, మిక్కిలి తక్కువగ మాటలాడు సోదరినే మొదట నడిగి చూడుడు.