జెడ్‌కామ్ (వంశవృక్ష ఫైలు)

జెడ్‌కామ్ అనేది వంశవృక్ష సమాచారాన్ని ఒక సాఫ్టువేరు నుండి మరొక సాఫ్టువేరుకు చేరవేయడానికి ఉపయోగించే ఫైలు రూపం. దీనిని అమెరికాకు చెందిన మార్మన్ చర్చి 1984లో రూపొందించింది. గ్రాంప్స్ వంటి ఉచిత సాఫ్టువేర్లు కూడా ఈ ఫైళ్ళను దిగుమతి చేసుకోగలవు.

నిర్మాణం

ఇది సాదా పాఠ్యపు ఫైలు. ప్రతి పంక్తి స్థాయిని తెలిపే అంకెతో మొదలవుతుంది. వ్యక్తి నమోదు 0తోను, అతని పేరు, జననం 1తోను, జనన తేదీ, స్థలం 2తోను మొదలవుతాయి. ప్రతి వ్యక్తికీ, ప్రతి కుటుంబానికీ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. కుటుంబ నమోదులో భార్యాభర్తల, పిల్లల సంఖ్యలే ఉంటాయి. అందువలన మేనరికపు వివాహాలలో ఒకే స్త్రీ పుట్టింట కూతురుగా, మేనమామ ఇంట కోడలిగా కనిపించినా ఆమె నమోదు ఒక్కటే.

తెలుగు అక్షరాలు

తొలినాటి జెడ్‌కామ్ ఫైళ్ళలో వాడిన యాన్సెల్ సంకేత పద్ధతిలో తెలుగు అక్షరాలు లేవు. 1999 నాటి 5.5.1 ముసాయిదాలో యూటీఎఫ్-8 చేరింది. 2021లో వెలువడిన 7.0 రూపాంతరంలో అది తప్పనిసరి అయింది. ఎగుమతి సమయంలోనే అక్షరాలు ప్రశ్నార్థకాలుగా మారితే, ఆ ఫైలు నుండి పేర్లను తిరిగి రాబట్టలేము. మూల సాఫ్టువేరు నుండి యూటీఎఫ్-8లో మళ్ళీ ఎగుమతి చేయాలి.

పేర్లు, ఊర్లు

ఇంటిపేరును రెండు ఏటవాలు గీతల మధ్య రాయాలి. అది పేరుకు ముందు వచ్చినా దోషం లేదు. ఇంటిపేరుకు బదులు పొడి అక్షరాలు రాస్తే, ఒకే ఇంటివారిని వెదకి పట్టుకోవడం కష్టమవుతుంది. స్త్రీలను పుట్టింటి పేరుతో నమోదు చేయడం వంశవృక్షాలలో ఆనవాయితీ.

ఊరు మారకపోయినా జిల్లా మారవచ్చు. శ్రీకాకుళం, టెక్కలి మధ్యనున్న హరిశ్చంద్రపురం ప్రాంతం 1936 వరకు గంజాం జిల్లాలోను, ఆ తరువాత విశాఖపట్నం జిల్లాలోను ఉండి, 1950లో ఏర్పడిన శ్రీకాకుళం జిల్లాలో చేరింది. ఈ మూడు జిల్లాల పేర్లతో నమోదైన ఒకే ఊరిని సాఫ్టువేరు మూడు ఊర్లుగా భావిస్తుంది.

దిగుమతిలో జాగ్రత్తలు

ఉద్దానం, టెక్కలి ప్రాంతాల నుండి అనేక కుటుంబాలు పనికోసం రంగూన్, ఖరగ్‌పూర్ వంటి చోట్లకు వలస వెళ్ళాయి. వేర్వేరు శాఖలవారు తయారుచేసిన ఫైళ్ళను కలిపినపుడు ఒకే పూర్వీకుడు రెండుసార్లు వస్తాడు. అందుచేత పాత వృక్షానికి నకలు తీసి, కొత్త ఫైలును ముందుగా ఖాళీ వృక్షంలోకి దిగుమతి చేయడం మంచిది. వ్యక్తుల, కుటుంబాల సంఖ్యలు మూల వృక్షంతో సరిపోయాయో లేదో చూడాలి.

జంట నమోదులను వెదికే సాధనం సూచించినవన్నీ నిజమైన జంటలు కావు. తాత పేరు మనుమడికి పెట్టే ఆచారం వలన ఇద్దరికీ పేరు, ఇంటిపేరు, ఊరు ఒకటే కావచ్చు. పొరపాటున వారిని ఏకం చేస్తే తాత పిల్లలు, మనుమని పిల్లలు తోబుట్టువులైపోతారు. మధ్య తరం చోటు తప్పుతుంది. కనుక తల్లిదండ్రుల పేర్లు, జీవిత భాగస్వామి పేరు, జనన సంవత్సరం సరిచూసిన తరువాతనే ఏకం చేయాలి.