స్ప్రెడ్‌షీటు పట్టికలలో తెలుగు అక్షరమునకు చోటు

గ్రామనామములను, పేటల పేరులను సేకరించి పరిశీలించు విద్యార్థి నేడు కాగితపు చీటీలకు మారుగా స్ప్రెడ్‌షీటును వాడుచున్నాడు. ఒక అడ్డు వరుసకు ఒక నామము. దాని ప్రక్కన పూర్వపదము, ఉత్తరపదము, శాసనములందలి రూపము, అర్థవివరణము అని నిలువు వరుసలు. చీటీలను పేర్చుటకు పట్టెడి కాలము దీనివలన మిగులుచున్నది. అయితే ఆ వరుసల ఎత్తును, వెడల్పును ఏ మానముతో కొలుచుచున్నారను ప్రశ్నను మన విభాగములలో పట్టించుకొన్నవారు తక్కువ. మేమును పట్టించుకొనలేదు. అందువలన కలిగిన పొరపాటొకటి ఈ వ్యాసమునకు హేతువు.

బేగంపేట, అమీర్‌పేట, పంజగుట్ట, ఎల్లారెడ్డిగూడ, బల్కంపేట మొదలగు హైదరాబాదు నగరమధ్య స్థలనామములను పాఠముకొరకు పట్టికగా కూర్చితిమి. వరుసలన్నియు ఒకే తీరున కనబడవలెనను కోరికతో చిన్న కోడు వ్రాసి, ప్రతి వరుస ఎత్తును 15 పాయింట్లకు బిగించి, వ్రాతను గడి పై అంచునకు ఆనించితిమి. పిదప చదువుటకు అనువుగా ఉండునని అక్షరముల పరిమాణమును 14 పాయింట్లకు పెంచితిమి. అచ్చుతీసిన ప్రతులలో వత్తులు తెగిపోయినవి. ‘పంజగుట్ట’ ‘పంజగుట’ అయినది. అది తప్పని ఎవరికైనను తెలియును. కాని ‘బల్కంపేట’ క-వత్తును కోల్పోయి ‘బలంపేట’ అయినది. విద్యార్థి ఒకరు ‘బలము’ అను శబ్దమునుండి ఆ పేరును సాధించుచు రెండు పుటలు వ్రాసి తెచ్చిరి. వ్యుత్పత్తి చక్కగనే ఉన్నది, పదమే లేదు.

ఇట్టి లోపము అక్షరదోషముకంటె ప్రమాదకరము. ‘చెల్లి’ ‘చెలి’ యగును, ‘గుడ్డి’ ‘గుడి’ యగును, ‘కల్ల’ ‘కల’ యగును. మిగిలినదియు తెలుగు మాటయే కనుక చదువరికి అనుమానము కలుగదు. పైగా గడిలోని పదము చెడలేదు, కనబడుటయే చెడినది. వెదకినచో ‘బల్కంపేట’ దొరకును, చదివినచో దొరకదు. నిలువు వరుస ఇరుకైనప్పుడు సంఖ్య అయినచో ఎక్సెల్ గడినిండ అడ్డుగీతల గుర్తులు నింపి మనలను హెచ్చరించును. అక్షరములకు అట్టి హెచ్చరిక లేదు. ప్రక్కగడి ఖాళీగా ఉన్నచో వ్రాత దానిమీదికి పొరలును, లేనిచో మౌనముగా తెగును.

ఇందులకు మూలము కొలమానములందే కలదు. ఎక్సెల్‌లో అడ్డు వరుస ఎత్తునకు మానము పాయింటు, అనగా అంగుళములో 72వ భాగము. నిలువు వరుస వెడల్పునకు మానము వేరు. పట్టికకు మూలముగా నిర్ణయించిన ఫాంటులో ‘0’ అను అంకె ఎంత వెడల్పో అంత ఒక మానము. కాలిబ్రి ఫాంటు 11 పాయింట్లలో ఉన్నప్పుడు మామూలు వెడల్పు 8.43, అనగా ఎనిమిది సున్నలకు కొంచెము మించిన చోటు. తెరమీద అది 64 పిక్సెళ్లు. అప్పటి మామూలు ఎత్తు 15 పాయింట్లు. ఈ సున్నకొలత పాతకాలపు తెరల జ్ఞాపకము. ఆ తెరలపై ప్రతి అక్షరమునకు ఒకే చోటు. 1979లో వచ్చిన విసికాల్క్‌లో నిలువు వరుసలన్నియు ఒకే వెడల్పున ఉండెడివి. 1983నాటి లోటస్ 1-2-3లో దేని వెడల్పు దానికి ఈయవచ్చును. ఎక్సెల్ 1985లో వచ్చెను. దానిని కోడుతో నడిపించు విజువల్ బేసిక్ 1993లో చేరినది. కొలత మాత్రము సున్నగనే నిలిచినది. మూలఫాంటు మారినచో సున్న మారును. సున్న మారినచో అదే సంఖ్యకు వెడల్పు మారును. ఒక యంత్రమున ఒదిగిన పట్టిక మరొక యంత్రమున ఇరుకగుటకు ఇదియొక కారణము.

తెలుగు వ్రాత ఈ కొలతకు లొంగదు. కాలిబ్రిలో తెలుగు అక్షరములు లేవు. ఆ గడిలో తెలుగు వ్రాసినచో యంత్రము నిర్మల వంటి మరొక ఫాంటునుండి వానిని తెచ్చి గీయును. ఎత్తునకును ఇదే చిక్కు. గుడి పైకి లేచును, వత్తు క్రిందికి దిగును, ‘రాష్ట్రము’ వంటి పదములలో రెండు వత్తులు చేరును. వ్రాత పై అంచునకు ఆనియున్నచో చోటు చాలనప్పుడు వత్తులు తెగును. క్రింది అంచునకు ఆనియున్నచో తలకట్లు, గుడులు తెగును.

వెడల్పును అక్షరసంఖ్యనుబట్టి నిర్ణయింపబోవువారికి మరొక చిక్కు కలదు. యూనికోడులో హల్లు ఒకటి, పొల్లుగుర్తు ఒకటి, అచ్చుగుర్తు ఒకటిగా లెక్కింపబడును. పొడవెంతయని కోడు అడిగినచో ‘బేగంపేట’కు 7, ‘పంజగుట్ట’కు 8 అని యంత్రము చెప్పును. ఛందస్సు చదివినవారికి రెండును నాలుగక్షరముల పదములే. ‘ఎల్లారెడ్డిగూడ’కు యంత్రపు లెక్క 14, మన లెక్క 6. ‘స్త్రీ’ అను ఏకాక్షరమునకు 6. ‘అమీర్‌పేట’లో పొల్లును విడదీయుటకు కంటికి కనబడని గుర్తొకటి చేరి, దానితో కలిసి లెక్క 9 అగును. అయితే ఛందోగణనయు ఇక్కడ యథాతథముగా చెల్లదు. ‘గం’ ఒక్క అక్షరమే యైనను, సున్న కాగితముమీద తనచోటు తాను అడుగును. అందుచే వెడల్పునకై లెక్కించునపుడు వత్తులను, అచ్చుగుర్తులను విడిచి, పూర్ణానుస్వారమును లెక్కలో ఉంచవలెను. అట్లు ‘బేగంపేట’, ‘పంజగుట్ట’, ‘బల్కంపేట’ మూడును ఐదేసి చోట్లు పట్టును. ఒక్కొక్క చోటునకు ఎన్ని సున్నలు కావలెనో ఎవరి ఫాంటుతో వారు కొలుచుకొనవలసినదే.

ఇంక విధానము. మొదట తెలుగు ఫాంటును, దాని పరిమాణమును స్పష్టముగా నిర్ణయింపవలెను. రెండవది, పొడవైన వివరణములున్న నిలువు వరుసలకు ‘కాలమ్ విడ్త్’ అను ఆదేశముతో వెడల్పునిచ్చి, ‘వ్రాప్ టెక్స్ట్’ అను ఆదేశముతో పంక్తులుగా మడవవలెను. పేరుల వరుస వంటి చిన్నవానికి ‘ఆటోఫిట్’ చాలును; అది సంకేతములను లెక్కింపక గీచిన వ్రాతను కొలుచును. ఆ పిమ్మటనే అడ్డు వరుసలకు ఆటోఫిట్ చేయవలెను. పంక్తులెన్నియో వెడల్పు తేల్చును, ఎత్తెంతయో పంక్తులు తేల్చును. ఈ క్రమమును తలక్రిందులు చేసినచో ఎత్తు తప్పును. తుదకు ‘రో హైట్’ను చదివి, దానికి మేము నాలుగు పాయింట్లు చేర్చుచున్నాము. ఇట్లు చేర్చిన వరుస బిగిసిపోవును. తరువాత వివరణము పెరిగినను తాను పెరుగదు. కనుక మార్పు చేసినప్పుడెల్ల కోడును మరల నడుపవలెను. ఎత్తునకు 409 పాయింట్లు, వెడల్పునకు 255 మానములు పరమావధి.

కలిపిన గడులతో జాగ్రత్త అవసరము. వానియందలి వ్రాతనుబట్టి ఆటోఫిట్ ఎత్తును పెంచదు. కలిపిన గడుల మొత్తమునకు సమానమైన వెడల్పుగల ఖాళీ నిలువు వరుసలో ఆ వ్రాతను ఉంచి, ఎత్తును కొలిచి, ఆ కొలతను ఇచ్చట వేసి, తాత్కాలికమైనదానిని తుడిచివేయుట యొక ఉపాయము. అసలు పరిశోధనపట్టికలో గడులను కలుపకుండుటయే మేలని మా అభిప్రాయము. కలిపినచో అకారాదిగా పేర్చుటకును అడ్డు వచ్చును.

అమీర్‌పేటలో మైత్రీవనము చుట్టునున్న శిక్షణసంస్థలలో మన విద్యార్థులు పైథాన్ నేర్చి వచ్చుచున్నారు. వారు వాడు ఓపెన్‌పైఎక్సెల్ ఫైలును వ్రాయునే కాని తెరమీద గీయదు, గీయనిది కొలువజాలదు. కనుక దానియందు వెడల్పును పైన చెప్పిన లెక్కతో మనమే ఈయవలెను. ఎత్తును చెప్పక విడిచి, మడత మాత్రము కోరినచో, ఫైలును తెరచినప్పుడు ఎక్సెల్ తానే కొలుచుకొనును.

మేము ఇప్పుడు ప్రతి పట్టికకు మొదటి వరుసలో ‘స్త్రీ’, ‘రాష్ట్రము’, ‘లక్ష్మి’ అను మూడు పదములను ఉంచి, ఒక ప్రతి అచ్చుతీసి చూచి, అవి నిండుగా వచ్చిన పిదపనే ఆ వరుసను తొలగించుచున్నాము. స్థలనామముల పట్టిక మునుపటికంటె రెండు పుటలు పెరిగినది. బల్కంపేట అందులో తన వత్తుతో ఉన్నది.