తిరగని కారు

పిల్లలూ! రాజమండ్రి నుంచి హైదరాబాదు వెళ్ళి తిరిగి వచ్చేంత దూరం కూడా తిరగని కారు ఒకటున్నది. నిజాం మహబూబ్ అలీఖాను ఇంగ్లండులో పురమాయించిన పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ అది. వెనకసీటు సింహాసనంలా ఎత్తు. కారు 1912లో తయారయింది. పాపం, ఆ ప్రభువు 1911లోనే కాలం చేశాడు! కొడుకు ఉస్మాన్ అలీఖాను వేడుకలకు మాత్రమే దాన్ని ఎక్కేవాడు. మొత్తం తిరిగింది 356 మైళ్ళే.

తిరగకపోతే కొత్తగా ఉంటుందనుకున్నారా? నిలవ పెట్రోలు జిగురవుతుంది. రబ్బరు పగులుతుంది. నూనె ఆరిన ఇనుముకు తేమా, గాలీ తగిలి తుప్పు పడుతుంది. వానాకాలంలో మూలన పెట్టిన సైకిలు గొలుసు గోదావరి పిల్లలెవరు చూడలేదు?

బిగుసుకున్న ఇంజనును బలవంతాన తిప్పితే విరుగుతుంది. అందుకని మెకానిక్కులు సిలిండర్లలో పల్చని నూనె పోసి, రోజుల తరబడి నానబెట్టి, చేత్తో మెల్లగా కదిలిస్తారు. పాతకారు బాగుచేయడానికి ఓపికే సగం పనిముట్టు.

ఈసారి హైదరాబాదు వెళ్ళినప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో ఆ కారు చూడండి. బాగుచేయించి అక్కడ ఉంచారు.