కిల్కెన్నీ ఇళ్లలో కట్టెల పొయ్యి: వేడి ఎటు పోతోంది?
ఐర్లండ్‌లోని కిల్కెన్నీ ఒకప్పుడు పొగలేని నిప్పుకు పేరుపడింది. కాసిల్‌కోమర్ గనుల్లో దొరికే ఆంత్రసైట్ బొగ్గు వల్ల వచ్చిన పేరు అది. నిగనిగలాడే ఆ గట్టి బొగ్గు పొగ రాకుండా చాలాసేపు కాలుతుంది. మిగిలిన బొగ్గుపొడిని కూడా పారేయకుండా బంకమట్టితో కలిపి తొక్కి, ఉండలు చేసి కాల్చుకునేవారు. ఆ గనులు 1969లో మూతపడ్డాయి. ఇప్పుడు బొగ్గుకు కూడా పనికొచ్చేలా చేసిన ఇనుప పొయ్యిల్లోనే కట్టెలు కాల్చే ఇళ్లున్నాయి. పాత పొయ్యి సరిగా వేడినివ్వడం లేదంటే చాలాసార్లు చిక్కు అక్కడే ఉంటుంది.

బొగ్గుకు గాలి అడుగునుంచి అందాలి. అందుకే ఆ పొయ్యిల్లో ఇనుప జాలీ, దాని కింద గాలి రంధ్రం ఉంటాయి. కట్టె తీరు వేరు. కట్టె వేడెక్కగానే మండే వాయువులు వెలువడతాయి, దానిలోని శక్తిలో సగానికి పైగా వాటిలోనే ఉంటుంది. అవి పూర్తిగా మండాలంటే 600 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి, కట్టెల పైభాగంలో గాలి కావాలి. కింది రంధ్రం తెరిచే ఉంచితే కట్టెలు భగ్గున కాలిపోతాయి, వాయువులు మాత్రం మండకుండానే పొగగొట్టం ఎక్కుతాయి. కాబట్టి నిప్పు అంటుకోగానే కింది రంధ్రం మూసి, పైన ఉండే గాలి రంధ్రాన్ని తెరవాలి. జాలీమీద అంగుళం మందాన బూడిద ఉంచాలి. బొగ్గు కాల్చేవారు రోజూ దులిపేసే ఆ బూడిదే కట్టె నిప్పుకు అడుగున వేడిని నిలబెడుతుంది.

తర్వాత చూడాల్సింది తలుపు. దాని చుట్టూ ఉండే మంటను తట్టుకునే తాడు ఏళ్లు గడిచేకొద్దీ అణిగిపోతుంది. పొయ్యి చల్లగా ఉన్నప్పుడు తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగితే, సులువుగా జారివచ్చిన చోట గాలి దూరుతున్నట్టే. ఆ తాడు మార్చడం కొద్ది ఖర్చుతో అయ్యే పని. పొయ్యి లోపల పైభాగంలో మంటను అడ్డగించే పలక వంగినా, పగిలినా వేడి నేరుగా గొట్టంలోకి పోతుంది. పక్కల ఇటుకలు పగిలితే లోపలి వేడి తగ్గి, వాయువులు సగంలోనే చల్లారతాయి.

ఇన్ని మరమ్మతులు చేసినా పచ్చి కట్టె వేస్తే ఫలం దక్కదు. బరువులో 20 శాతం తేమ ఉన్న కిలో కట్టె సుమారు 4 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడినిస్తే, సగం బరువు నీరే ఉన్న కట్టె 2 యూనిట్లకు కాస్త పైన ఇస్తుంది. ఆ కిలోలో కాలే కట్టె తక్కువ, పైగా వచ్చే వేడిలో కొంత నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. ఐర్లండ్‌లో 2022 అక్టోబర్ 31 నుంచి 2 ఘనపు మీటర్లకు తక్కువగా అమ్మే కట్టెల్లో తేమ మొదట 25 శాతం మించకూడదని నిబంధన వచ్చింది. ఇంట్లో ఆరబెట్టుకునేవారు కట్టెలు చీల్చి, పైన కప్పు, పక్కల గాలి ఉండేలా పేర్చాలి. వాన ఎక్కువగా పడే చోట పక్కలు మూసేస్తే కట్టె బూజుపడుతుంది. కిల్కెన్నీ ప్రాణంగా చూసుకునే హర్లింగ్ ఆటకు కర్రలు చేసేది యాష్ చెట్టుతో. 2012లో ఐర్లండ్‌లో బయటపడ్డ శిలీంధ్ర రోగం ఆ చెట్లను ఎండబెడుతోంది. బాధాకరమైన విషయమే అయినా, యాష్ మంచి వంటచెరకు. పచ్చిగా ఉన్నప్పుడు కూడా దానిలో నీరు తక్కువే.

రాత్రంతా నిప్పు నిలవాలని గాలి పూర్తిగా మూసేయడం పెద్ద పొరపాటు. అరకొరగా కాలిన పొగ గొట్టంలో చల్లారి జిగురుమసిగా అంటుకుంటుంది, ఒకనాడు గొట్టానికే నిప్పంటుకోవచ్చు. చిన్న మంట అయినా చురుగ్గా కాలడం మేలు. గొట్టానికి ఉష్ణమాపకం తగిలిస్తే ఏ వేడిలో కాలుతోందో తెలుస్తుంది. పాత రాతి ఇళ్లలోని వెడల్పాటి చిమ్నీలో పొగ త్వరగా చల్లారిపోతుంది కాబట్టి లోపల ఉక్కు గొట్టం దింపించాలి. ఏటా మసి దులిపించాలి. గది గోడకున్న గాలి కన్నాన్ని చలికి భయపడి మూయకూడదు. కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి.

నిప్పును మూసి, పొగకు గొట్టం వేయాలన్న ఆలోచన తెలుగు నేలకూ పాతదే. హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనశాలలో ఎస్.పి.రాజు రూపొందించిన పొగరాని వంటపొయ్యి గురించి 1953లోనే ప్రచురణ వచ్చింది.

మళ్లీ ఐర్లండ్ ఇళ్లకు వస్తే, తలుపు లేని నిప్పుగూడు ఇచ్చే వేడిలో గదికి దక్కేది పావువంతు అటూఇటూ. 2022 నుంచి ఐరోపా సమాఖ్యలో అమ్మే మూసిన పొయ్యిలకు కనీసం 65 శాతం సామర్థ్యం ఉండాలి. పాత పొయ్యి ఇనుప ఒళ్లు పగలనంతవరకు బాగుచేసి వాడుకోవచ్చు. ఒళ్లే పగిలితే మాత్రం ఏ తాడూ, ఏ పలకా దాన్ని నిలబెట్టలేవు, మార్చక తప్పదు.